31 రాత్రికి కోతకొచ్చే పంట ఏది?

నెల్లూరమ్మాయి
27 డిసెంబర్ 2020, రాత్రి 10:40

నవ్వకుండా చదువుతామంటేనే చదవండి. ఫార్మ్‌విల్, అదే ఫేస్‌బుక్‌లో పొలం సాగుచేసే ఆట, ఇంకా ఆడుతున్నవాళ్లు ఇక్కడ ఎవరన్నా ఉన్నారా? ఆడేది నేను కాదు, మా అమ్మ. వయసు 63. పదకొండేళ్లుగా ఆడుతోంది. ఈ నెల 31తో ఆట మూసేస్తున్నారు కదా, దాని గురించే అడుగుతున్నా.

మొదలుపెట్టింది నేనే. 2009లో బీటెక్ చదివేటప్పుడు క్లాసులో అందరూ ఆడేవాళ్లు. పొలం పెద్దది చేయాలంటే నైబర్స్ (ఆటలో పక్క పొలాలవాళ్లు) ఉండాలి, లేదంటే డబ్బు కట్టాలి. నాకు నైబర్స్ చాలక అమ్మ పేరున ఫేస్‌బుక్ అకౌంట్ తెరిచి, ఆమెకొక పొలం పెట్టి, దాన్నీ నేనే చూసుకునేదాన్ని. సెమిస్టర్ పరీక్షలప్పుడు "రోజుకోసారి ఇక్కడ నొక్కమ్మా" అని అప్పజెప్పా. అంతే. మూడు నెలల్లో నా పొలం ఎండిపోయింది. ఆమె పొలం ఇప్పటికీ పచ్చగా ఉంది.

ఈ మార్చిలో అమ్మా నాన్నా మూడు వారాలుందామని చెన్నై వచ్చారు. లాక్‌డౌన్ పడి ఇక్కడే ఉండిపోయారు. వడపళనిలో మాది మూడో అంతస్తు, రెండు గదులు. పగలు ల్యాప్‌టాప్‌లో నా ఆఫీసు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకూ అమ్మ సేద్యం. ఆట నడిచేది ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద, క్రోమ్ మూసి తెరిచిన ప్రతిసారీ దానికి మళ్లీ అనుమతి ఇవ్వాలి. నేను నిద్ర లేవకపోతే మంచం దగ్గరికొచ్చి "తాళం తియ్యమ్మే" అంటుంది. పైన ఫ్లాష్ ఆగిపోతుందని ఒక పట్టీ వస్తుంటుంది చూడండి, దాన్ని ఇన్నాళ్లూ ప్రకటన అనుకుని మూసేస్తూ వచ్చింది. సంగతి నేను చెప్పింది మొన్న వైకుంఠ ఏకాదశినాడు. పండగపూట ఎందుకు చెప్పానా అని ఇప్పుడు అనిపిస్తోంది.

పెద్దగా ఏమీ అనలేదు. కాసేపు ఊరుకుని, "31 రాత్రికి కోతకొచ్చేట్టు ఏం వెయ్యాలి?" అంది.

ఇదే నా మొదటి ప్రశ్న. స్ట్రాబెర్రీకి నాలుగు గంటలు, టమాటాకి ఎనిమిది, వరికి పన్నెండు, గోధుమకి మూడు రోజులు, పుచ్చకాయకి నాలుగు రోజులు. ఆమెకివన్నీ నోటికొచ్చు. వరి దగ్గర మాత్రం ఎప్పుడూ నవ్వుతుంది. మొలగొలుకులు (నెల్లూరు వరి రకం) పండించిన ఇంటి మనిషికి పన్నెండు గంటల వడ్లంటే నవ్వు రాక ఏమొస్తుంది? కానీ ఆఖరు కోత వరే కోయాలట. 31 అంటే మన 31ఆ, అమెరికా 31ఆ? పంట మడిలో ఉండగా మూసేస్తే ఆమె తట్టుకోలేదు. గత నెల నివర్ తుఫానప్పుడు మాకు రాత్రంతా కరెంటు లేక, నెట్ లేక, స్ట్రాబెర్రీ మొత్తం వాడిపోయింది. అదే రోజుల్లో నెల్లూరు నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి నారుమళ్లు మునిగిపోయాయని ఏడ్చింది. అమ్మ ఓదార్చింది గానీ తన స్ట్రాబెర్రీ ఊసెత్తలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం నాతో మెల్లగా "నాదీ పోయింది" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండో ప్రశ్న. ఆ పొలాన్ని ఎలాగైనా దాచుకోవచ్చా? పొలం మధ్యలో గడ్డి కట్టలతో ముగ్గు వేసింది. ఏటా ధనుర్మాసం రాగానే పాతది తీసేసి కొత్తది వేస్తుంది. ఆ ఆటలో నేల ఏటవాలుగా కనిపిస్తుంది కాబట్టి చుక్కలు తిన్నగా రావు. కాగితం మీద గడులు గీసుకుని, కాగితాన్ని మూల మీద నిలబెట్టి చూసుకుంటూ ఒక్కో కట్టా పెడుతుంది. ఇక్కడ ఫ్లాట్ ముందు ఉన్నది రెండు గచ్చు పలకల జాగా. లిఫ్ట్ నుంచి వచ్చేవాళ్లు దాన్నీ తొక్కుకుంటూ పోతారు. ఆమె అసలు ముగ్గు ఆ పొలంలోదే.

మూడోది అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది. అమ్మకి నైబర్స్‌లో ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్కావిడ. ఫిలిప్పీన్స్. మేం "మనీలా ఆవిడ" అంటాం, ఊరు మనీలాయే అవునో కాదో. ప్రొఫైల్‌లో పిల్లి బొమ్మ. ఎనిమిదేళ్లుగా రోజూ వచ్చి ఎరువు వేసి వెళ్తుంది. అమ్మా వెళ్లి ఆమె పొలంలో వేసి వస్తుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆమెకి తెలుగు రాదు. ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఆమెకి ఏదో ఒకటి చెప్పి వెళ్లాలి అంటోంది. ఏం రాయాలి?

చింతచిగురు
27 డిసెంబర్, రాత్రి 11:25

నవ్వలేదండి. మా ఇంట్లోనూ ఒకప్పుడు ఒక పొలం ఉండేది.

ముందు టైము సంగతి. కంపెనీ ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఈ కాలంలో వాళ్లు మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. వాళ్ల 31 అర్ధరాత్రి అయ్యేసరికి మనకు ఒకటో తారీఖు మధ్యాహ్నం ఒకటిన్నర. కానీ ఆఖరి గంటల్ని నమ్ముకోకండి. సర్వర్లు మూసేవాళ్లు గడియారం చూసుకుంటూ కూర్చోరు. అమ్మగారికి మన 31 రాత్రే ఆఖరని చెప్పండి. పొద్దున ఏడింటికి వరి వేస్తే సాయంత్రం ఏడింటికి కోత. ఆ పైన ఎంత టైము మిగిలినా లాభమే.

దాచుకోవడం. ఆట మొత్తాన్ని దాచలేరు. ఫ్లాష్‌కి 2020 ఆఖరుతో సెలవని అడోబీ 2017 జులైలోనే చెప్పింది. పాత ఫ్లాష్ ఆటల్ని భద్రం చేసేవాళ్లు ఉన్నారు, ఫ్లాష్‌పాయింట్ అని ఒక ప్రాజెక్టే ఉంది. కానీ ఫార్మ్‌విల్ ఒంటరిగా ఆడుకునే ఆట కాదు. మీ కంప్యూటర్‌లోకి వచ్చేది బొమ్మలూ, వాటిని కదిలించే కోడూ. ఏ మడిలో ఏం నాటారు, ఎప్పుడు నాటారు, ముగ్గులో ఏ కట్ట ఎక్కడుంది అన్న లెక్కంతా వాళ్ల సర్వర్లో ఉంటుంది. రేపు ఫ్లాష్‌ని ఎలాగో నడిపించినా ఆ లెక్క చెప్పేవాడు ఉండడు.

కాబట్టి వీడియో తీయండి. స్క్రీన్ మీద జరిగేది రికార్డు చేసే ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఫుల్ స్క్రీన్ పెట్టి, పూర్తిగా జూమ్ అవుట్ చేసి, ముందు మొత్తం ఒకసారి. తర్వాత దగ్గరికి తెచ్చి మెల్లగా ఒక మూల నుంచి ఇంకో మూలకి జరపండి. ముగ్గు మీద ఆగండి. అమ్మగారు ఆడుతుండగా కూడా కాసేపు తీయండి. ఖాళీ పొలం కన్నా అదే బాగుంటుంది.

ఇంకొకటి, మనీలా ఆవిడ ఫేస్‌బుక్ ఫ్రెండ్ లిస్టులో ఉన్నారో లేదో ఇప్పుడే చూడండి. ఉంటే ఆట పోయినా ఆవిడ ఉంటారు.

రోజా మొక్క
28 డిసెంబర్, ఉదయం 7:10

ఏమీ అనుకోకండి. లేని పొలానికి ఇంత హడావిడి అవసరమా? చెన్నైలో మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టి టమాటా వేయమనండి. తినడానికైనా వస్తాయి. మా అమ్మ బెండ కూడా పండిస్తోంది.

నెల్లూరమ్మాయి
28 డిసెంబర్, ఉదయం 8:30

రోజా మొక్క గారూ, మా నాన్న కూడా పదకొండేళ్లుగా ఇదే మాట. మిద్దె మీదకి మా ఓనర్ ఎవర్నీ రానివ్వడు, గొళ్లెం వేసి ఉంటుంది. అయినా టమాటా పండించడం అమ్మకి కొత్తా? నలభై ఏళ్లు చేసిన పని. బురద లేకుండా, కూలీల్ని బతిమాలకుండా, నడుము వంచకుండా చేసే సేద్యం కనకనే నచ్చిందట. "నీళ్లు కూడా పెట్టక్కర్లేదే, కరెంటుంటే చాలు" అంటుంది.

చింతచిగురు గారూ, సర్వర్ సంగతి మీరు చెప్పినట్టే చెప్పా. అంతా విని, "అయితే పాస్‌బుక్ మన దగ్గర లేదా?" అంది. లేదన్నా. "పదకొండేళ్లు కౌలుకి చేశామన్నమాట" అంది.

ఓనరు ఖాళీ చేయమంటే చేయాలి కదా అని తనే సర్దుకుంది. ఫోన్లో కొత్త ఫార్మ్‌విల్ ఆడుకోవచ్చని చూపించా. కొత్త ఊరికెళ్లి మళ్లీ మొదటి మడి నుంచా అని పక్కన పెట్టేసింది.

ఆవిడ ఫ్రెండ్ లిస్టులోనే ఉంది. కానీ ఆ అకౌంట్‌లో పిల్లి బొమ్మ, ఫార్మ్‌విల్ పోస్టులు తప్ప ఏమీ లేవు. ఆటకోసమే తెరిచినట్టుంది. మా అమ్మదీ అంతేగా.

ఎరంగెల్ వాసి
28 డిసెంబర్, మధ్యాహ్నం 1:15

అక్కా, వెంటనే మెసేజ్ పెట్టండి. 31 దాకా ఆగొద్దు.

మాది పబ్జీ. సెప్టెంబర్ 2న బ్యాన్ అన్నారు, ఫోన్లో ఉన్నవాళ్లకి నడుస్తూనే ఉంది కాబట్టి మేం పట్టించుకోలేదు. అక్టోబర్ 30న సర్వర్లు కట్. ముందు రోజు రాత్రి ఆటలో పోచింకి అనే ఊళ్లో ఒక ఇంటి మిద్దె ఎక్కి నలుగురం కూర్చున్నాం. ఎవరైనా కాల్చినా తిరిగి కాల్చొద్దని ఒట్టేసుకున్నాం. చుట్టూ మూసుకొచ్చి చంపే జోన్ వచ్చి మింగేదాకా సొల్లు కబుర్లు. మాలో ముగ్గురం ఇక్కడ గిండీ కాలేజీ హాస్టల్. నాలుగోవాడు గువాహటి నుంచి ఆడేవాడు, ఏడాదిగా రోజూ మాతోనే. వాడి గొంతు ఇప్పుడు విన్నా గుర్తుపడతా. ఫోన్ నంబర్ మాత్రం ముగ్గురిలో ఒక్కడూ అడగలేదు. వాడి ఐడీ తప్ప పేరు కూడా తెలియదు.

పాత సుత్తి
28 డిసెంబర్, రాత్రి 9:50

బెంగళూరు నుంచి. వయసులో మీ అమ్మగారికి నాకూ పెద్ద తేడా లేదు. నేనూ ఒక ప్రపంచం మూతపడటం చూశాను. సిటీ ఆఫ్ హీరోస్ అని ఆన్‌లైన్ ఆట, 2004లో మొదలైంది. ఆన్‌సైట్‌కి వెళ్లిన రోజుల్లో సాయంత్రాలు గడపడానికి పట్టుకున్నా. 2012 నవంబర్ 30న మూసేశారు. మూసేస్తామన్న కబురు వచ్చాక ఆటగాళ్లంతా అట్లాస్ పార్క్ అనే చోట కాగడాలు పట్టుకుని పోగయ్యారు. ఉత్త బొమ్మలే. అయినా ఊరేగింపులో ఉన్నట్టే ఉండింది.

స్క్రీన్‌షాట్లు వందలు తీశాను. ఇప్పుడు చూస్తే అన్నీ రాక్షసులూ, భవనాలూ. పక్కనున్నవాళ్ల మాటలుండే చాట్ విండోని దాచి మరీ తీశాను, బొమ్మ శుభ్రంగా రావాలని. అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మీరు వీడియోలో నైబర్స్ వరస, గిఫ్టుల పెట్టె, అన్నీ పడనివ్వండి.

మా ఆట మళ్లీ 2019లో అభిమానుల సర్వర్ల మీద బతికింది. వెళ్లి చూశా. వీధులన్నీ అవే. నా మనిషిని మాత్రం మళ్లీ కొత్తగా తయారుచేసుకోవాల్సి వచ్చింది. మీ అమ్మగారికి ఈ ముక్క చెప్పొద్దు. ఊరికే ఆశపెట్టినట్టవుతుంది.

రాత్రిషిఫ్టు
29 డిసెంబర్, తెల్లవారుజామున 3:20

మనీలా టీముతో ఆరేళ్లు పనిచేశాను, ఇప్పుడు కూడా డ్యూటీలోనే ఉన్నా. ఇంగ్లీషు అక్కర్లేదు. ఆవిడ భాషలోనే రెండు ముక్కలు పంపండి.

మరామింగ్ సలామత్ పో. అంటే చాలా థాంక్సండి అని. చివర "పో" మర్యాద కోసం. మన "అండి" లాంటిది, వదిలేస్తే పెద్దవాళ్లతో మాట్లాడినట్టు ఉండదు. స్పెల్లింగ్ మీకు విడిగా మెసేజ్ చేశా. దాంతోపాటు ముగ్గు ఫొటో పెట్టండి.

నెల్లూరమ్మాయి
29 డిసెంబర్, ఉదయం 9:05

రాత్రిషిఫ్టు గారూ, పొద్దున్నే మా ఇంట్లో పెద్ద గొడవ పెట్టారు!

అమ్మకి చదివి వినిపించా. "మరామింగ్ సలామత్" దాకా బాగానే ఉంది. "పో" అనగానే మొహం మారిపోయింది. "ఎనిమిదేళ్లు ఎరువేసిన మనిషిని పట్టుకుని పో అంటామా?" మర్యాదమ్మా, అండి అన్నట్టు అని ఎంత చెప్పినా వినదు. మేముండేది తమిళనాట, ఇక్కడా "పో" అంటే పొమ్మనే. నాన్న పక్క గదిలోంచి "నెల్లూరులో పో, మద్రాసులో పో, మనీలాలో అండి!" అని అరిచారు. ఆయనకి ఈ ఆటలో సరదా కలగడం ఇదే మొదటిసారి.

చివరికి బేరం కుదిరింది. పో ఉంచుతుందట. కానీ ఆమె భాషలో "వెళ్లొస్తాను" కూడా కావాలట. పోతున్నానని కాదు, వెళ్లిపోతున్నానని కాదు, వెళ్లొస్తానని. అలాంటి మాట వాళ్లకుందా?

రాత్రిషిఫ్టు
29 డిసెంబర్, సాయంత్రం 6:40

ఉంది. హంగ్గాంగ్ సా మూలి. మళ్లీ కలిసేదాకా అని. సరిగ్గా "వెళ్లొస్తా" కాదుగానీ, తిరిగి రావడం అందులో ఉంది. అమ్మగారికి నా నమస్కారం పో.

నెల్లూరమ్మాయి
1 జనవరి 2021, ఉదయం 10:15

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

మెసేజ్ 29 రాత్రే పంపాం, ముగ్గు ఫొటోతో. చూసినట్టు టిక్కు కూడా పడలేదు.

31 పొద్దున ఆరున్నరకే అమ్మ అన్ని మళ్లలో వరి వేసింది. నా ఆఫీసు ఆ రోజు పేరుకే కాబట్టి సాయంత్రం ఏడింటికి ల్యాప్‌టాప్ హాల్లో బల్ల మీద పెట్టేశా. ఒక్క నొక్కుతో నాలుగేసి మళ్లు కోసే బండి ఉంది ఆమెకి. దాన్ని షెడ్డులోనే ఉంచి ఒక్కో మడీ తన చేత్తో నొక్కుతూ కోసింది. ఓబీఎస్ పెట్టాను గానీ మైక్ ఆపడం మర్చిపోయా. వీడియో నలభై నిమిషాలు వచ్చింది. అందులో మూడు కుక్కర్ విజిళ్లు, కింద ఎవరో ముందే కాల్చేసిన టపాకాయలు, మా నాన్న దగ్గు. మధ్యలో ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడి "ఎన్ని పుట్లయింది?" అని అడగడం కూడా పడింది. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. అమ్మ తలెత్తకుండా "మీరు అమ్మిన ఏడాది కన్నా ఎక్కువే" అంది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి, మళ్లీ ఎప్పుడైనా చెప్తా.

కోత అయ్యాక నేల అంతా ఖాళీగా, గోధుమ రంగులో, మధ్యలో ముగ్గు. చాలా బాగుంది. ఇదే చివరి ఫొటో అనుకుని తీసుకున్నా. ఆపేద్దామా అన్నా. ఊ అంది. భోజనాలు అయ్యాయి. పదిన్నరకి మళ్లీ వచ్చి "తాళం తియ్యమ్మే" అంది.

ఎందుకంటే, మనీలాలో మనకన్నా రెండున్నర గంటలు ముందే తెల్లవారుతుంది. ఆవిడ పొద్దున్నే ఎరువు వేయడానికి వస్తుంది కదా. మళ్లలో ఏమీ లేకపోతే దేనికి వేస్తుంది? వచ్చి ఊరికే చూసి పోవాలి పాపం. అని మళ్లీ దున్ని పుచ్చకాయ వేసింది. అమ్మా, పుచ్చకాయకి నాలుగు రోజులు, నాలుగో తారీఖుకి గానీ రాదు అన్నా. "నాకు తెలియదా? నువ్వు పుట్టకముందు నుంచి చేస్తున్నా సేద్యం" అంది. స్ట్రాబెర్రీ వేస్తే తెల్లారేసరికి పండిపోతుంది, పండినదానికి ఎరువెందుకు, అదీ ఆమె లెక్క.

పొద్దున ఆరుంపావుకి తెరిచాం. పొలం ఇంకా ఉంది. ముగ్గుకి ఎడమ పక్క అయిదు మళ్లు తళతళ మెరుస్తున్నాయి. ఎరువు పడిన మళ్లు అలాగే మెరుస్తాయి. మెసేజ్ కూడా వచ్చింది: "సలామత్ దిన్ పో". కింద ఒక పిల్లి ఫొటో, ఈసారి కిటికీ మీద కూర్చున్న నిజం పిల్లి. చూడు, ఆమె కూడా పో అంది అని అమ్మకి చూపించా.

అమ్మ వెంటనే బాకీ తీర్చడానికి ఆవిడ పొలానికి వెళ్లింది. అక్కడ అంతా కోసేసి ఉంది. ఒక్క మొక్క లేదు. మౌస్ పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగింది.

"ఈమెకి తట్టలేదు చూడు, నాకేమీ మిగల్చలా" అని గొణుక్కుంటూ ల్యాప్‌టాప్ తనే మూసేసి, రేపటి ఇడ్లీకి పప్పు ఉందా అని అడిగింది.